వేగం పెంచబోయి నల్లతెర ముందు కూర్చున్న రెండు రోజులు

నా కంప్యూటర్‌లోని డీడీఆర్4 మెమరీ (ర్యామ్) దాని ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ప్రకారం, అంటే తయారీదారు అందులో ముందే నింపిన అమరిక ప్రకారం, 3200 మెగాట్రాన్స్‌ఫర్ల వేగంతో, 1.35 వోల్టులతో ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. ఒక వారం ముందు దానిని 3600కు పెంచాను. విండోస్ తెరుచుకుంది కనుక అంతా సవ్యంగానే ఉందని భావించి, ఏ పరీక్షా చేయకుండానే ఒక సాయంత్రం 3800 పెట్టి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) సేవ్ చేసి బయటికి వచ్చాను. డీడీఆర్ మెమరీ ఒక్కో గడియార స్పందనకు రెండుసార్లు డేటాను పంపుతుంది కనుక 3800 అంటే అసలు గడియారం 1900 మెగాహెర్ట్జ్. మెమరీ చిప్పులే కాక ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ కూడా ఆ వేగాన్ని తట్టుకోవాలి. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, ఆ క్షణంలో పట్టించుకోలేదంతే.

ఫ్యాన్లు తిరిగాయి, దీపాలు వెలిగాయి, మానిటర్ మాత్రం సిగ్నల్ లేదని చెప్పి నిద్రపోయింది. కంప్యూటర్ తనంతట తానే మూడుసార్లు ఆగి మళ్ళీ మొదలైంది. చాలా మదర్‌బోర్డులు ఇలా కొన్ని విఫలయత్నాల తరువాత పాత సెట్టింగులకు వాటంతట అవే తిరిగివస్తాయి; నాది రాలేదు. బోర్డు అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. వాటిలో డీర్యామ్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. అంటే డిస్కును వెతకడానికి ముందే జరిగే స్వీయపరీక్ష, అందరూ పోస్ట్ అని పిలిచే దశ, మెమరీ దగ్గరే ఆగిపోయింది. కనుక విండోస్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలన్న ఆలోచనకు ఇక్కడ చోటే లేదు.

బయోస్ సెట్టింగులను బ్యాటరీ అండతో దాచి ఉంచే సీమాస్‌ను చెరిపివేస్తే సరిపోతుందని తెలుసు. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని తీసి, పది నిమిషాలు ఆగి తిరిగి పెట్టాను. ఏమీ మారలేదు. రెండోసారి అరగంట ఆగాను, అప్పుడూ అంతే. ఇక మెమరీ కాలిపోయిందనీ, లేదా కంట్రోలర్ దెబ్బతిన్నదనీ నమ్మడం మొదలుపెట్టి, ఆ రాత్రంతా అనవసరంగా బాధపడ్డాను.

మరునాడు ఉదయం కేసు వెనుక భాగాన్ని చూస్తూండగా పొరపాటు ఎక్కడుందో తట్టింది. పవర్ కేబుల్ పెట్టి, వెనుక స్విచ్ వేసి ఉన్నంతసేపు పవర్ సప్లై బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై విద్యుత్తును అందిస్తూనే ఉంటుంది. బ్యాటరీ చేయవలసిన పనిని ఆ విద్యుత్తే చేస్తూ ఉంటే, నేను బ్యాటరీని ఎంతసేపు బయట ఉంచినా 3800 అన్న అంకె చెక్కుచెదరకుండా లోపలే కూర్చుని ఉంది. ఈసారి కేబుల్ పీకి, బోర్డులో మిగిలిన విద్యుత్తు పోయేలా పవర్ బటన్‌ను కాసేపు నొక్కిపట్టి, బ్యాటరీ తీసి, సీమాస్‌ను చెరపడానికి బోర్డు మీద ఉండే జంపర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొనతో పది సెకన్లు కలిపాను. ఒక్క మెమరీ కర్రనే ఉంచి, దానిని మాన్యువల్‌లో సూచించినట్లు ప్రాసెసర్ నుంచి రెండో స్లాటులో పెట్టాను.

స్విచ్ వేశాక కూడా తెర చాలాసేపు నల్లగానే ఉంది. బోర్డు మెమరీకి తగిన సమయాలను మొదటినుంచి వెతుక్కునే శిక్షణ దశ అది. ఆ సమయంలో విసుగుతో ఆపివేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది కనుక చేతులు కట్టుకుని కూర్చున్నాను. చివరికి బయోస్ తెర కనిపించింది.

అయితే విండోస్ తెరుచుకోవడానికి బదులు, డిస్కులోని డేటాను సంకేతభాషలో దాచే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. సీమాస్ చెరిగినప్పుడు, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ సెట్టింగు కూడా మారిపోయింది. యంత్రం తాను ఎరిగిన స్థితిలో లేదని గమనించి డిస్కుకు తాళం వేయడం బిట్‌లాకర్ పద్ధతి. కీ నా ఖాతాలో భద్రంగా ఉండబట్టి ఫోనులో చూసి ఒక్కొక్క అంకె కొట్టాను. అది దొరకకపోయి ఉంటే, అన్ని భాగాలూ ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లో నా ఫైళ్ళు మాత్రం నాకు అందకుండా పోయేవి. సెక్యూర్ బూట్‌ను పూర్వస్థితికి తెచ్చి, రెండో మెమరీ కర్రను కూడా పెట్టాను.

లోపలికి వెళ్ళాక విండోస్‌లోని ఎస్‌ఎఫ్‌సీ ఆదేశంతో సిస్టమ్ ఫైళ్ళను తనిఖీ చేస్తే, కొన్ని పాడైనవి దొరికాయనీ, వాటిని బాగుచేశాననీ చెప్పింది. 3800 వద్ద విండోస్ దాకా వెళ్ళనే లేదు కనుక ఆ అంకె వాటిని పాడుచేసే అవకాశమే లేదు. అనుమానం కొద్దీ 3600, 1.35 వోల్టుల పాత అమరికనే మళ్ళీ పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపాను. రెండో పాస్‌లోనే, అంటే పరీక్ష రెండో విడతలోనే, దోషాలను చూపే ఎర్రటి వరుసలు కనిపించాయి. నేను సవ్యంగా ఉందనుకున్న ఆ వారమంతా మెమరీ తప్పులు చేస్తూనే ఉందన్నమాట. వోల్టేజీని 1.40కి పెంచి మళ్ళీ నడిపితే నాలుగు పాస్‌లూ ఒక్క దోషం లేకుండా పూర్తయ్యాయి. ఇప్పుడు కంప్యూటర్ ఆ అమరికతోనే నడుస్తోంది.