పార్కింగ్‌లో ఆ చారల జాగా

డాలస్ చుట్టుపక్కల ఇండియన్ స్టోర్ల ముందు శనివారం సాయంత్రం కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. అట్లాంటి వేళ, కావలి నుంచి వచ్చి ఇంకా ఏడాది నిండని కుర్రాడొకడు నీలం బోర్డున్న చోటు పక్కన చారల మీద కారు ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, కరివేపాకు తెచ్చుకుందామని దిగాడు. వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక అమెరికన్ పెద్దావిడ అందరూ వినేట్టు కేకలేసింది: "నా గుమ్మానికి అడ్డంగా బండి పెట్టావు, తియ్యి."

ఆ రాత్రికే సంగతి మన జిల్లా వాట్సాప్ గ్రూపుకెక్కింది. వికలాంగుల చోట్లో పెట్టలేదు గదా, పక్కన ఊరికే ఉన్న గీతల మీద రెండు నిమిషాలు ఆపితే అంత మాటనాలా అని కొందరు. మన రంగు చూసే అన్నదని ఇంకొందరు. రంగు గొడవ ఈ దేశంలో లేదని ఎవరూ అనలేరు గానీ, ఈ విషయంలో మాత్రం న్యాయం ఆమె వైపే ఉంది.

ఆ చారల జాగా వెడల్పు తక్కువలో తక్కువ 60 అంగుళాలు, అంటే అయిదడుగులు. అది కారు పెట్టే చోటు కాదు, కార్లోంచి మనిషి దిగే చోటు. వీల్‌చెయిర్ వాడేవాళ్ల వ్యాన్‌కి పక్క తలుపు జరిగితే ఒక ర్యాంపు బయటికొచ్చి నేలకి ఆనుతుంది. దాని మీంచి దిగిన కుర్చీ పక్కకి తిరగడానికి ఇంకొంచెం జాగా కావాలి. అందుకే వ్యాన్‌కని కేటాయించిన చోటు 11 అడుగులుంటే పక్కన చారలు 5 అడుగులన్నా ఉండాలి. చోటు 8 అడుగులే అయితే చారలు కూడా 8 ఉండాలి. నేల దాదాపు సమంగా ఉండాలి, 48 అడుగులకి ఒక అడుగు వాలు మించకూడదు. మించితే కుర్చీ దానంతటది జారుతుంది, ర్యాంపు అంచు ఒక పక్క నేలని వదిలేస్తుంది. బోర్డు కింది అంచు నేల నుంచి 60 అంగుళాల పైన ఉండాలి, లేకపోతే ముందు ఆగిన కారు వెనక దాక్కుంటుంది. 25 కార్లు పట్టే పార్కింగులో ఇట్లాంటి చోటు ఒకటి, 50 దాకా రెండు. ఒక్కటే ఉంటే అది వ్యాన్‌దే అయ్యుండాలి.

ఇందులో అసలు చిక్కు వచ్చేటప్పుడు కాదు, తిరిగిపోయేటప్పుడు. వచ్చేసరికి చారల మీద ఎవరన్నా ఉంటే ఇంకో చోటు వెతుక్కోవచ్చు. సరుకులు కొనుక్కుని బయటికొచ్చేసరికి ఎవరో ఆపేసి ఉంటే, ఆ మనిషి తన బండిలోకి తాను ఎక్కలేదు. టెక్సస్ ఎండలో, ఒళ్లో పాల డబ్బా పెట్టుకుని, కరివేపాకు కోసం పోయినవాడు ఎప్పుడొస్తాడా అని చూస్తా ఉండాలి. సామాన్లు దించుకున్న తోపుడు బండిని ఆ చారల్లో వదిలేసి పోయినా ఇదే కథ. టెక్సస్‌లో ఆ చారల మీద కారు ఆపితే మొదటిసారే 500 నుంచి 750 డాలర్ల దాకా జరిమానా ఉంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల మోకాళ్ల కోసం అద్దానికి తగిలించే ప్లకార్డు తెచ్చుకునేవాళ్లు మనలో ఉన్నారు. తప్పేం లేదు, డాక్టరు సంతకంతో ఇస్తారు, నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కానీ అది ఆ మనిషిది, కారుది కాదు. అమ్మని ఇంట్లో దించి, ఆ ప్లకార్డుతో ఆఫీసుకి పోయి గుమ్మం ముందు పెట్టుకోవడం నేరం. ఇది తెలిసీ చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇదంతా అమెరికా వాళ్ల మంచితనం అనుకుంటే పొరపాటు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చోట వికలాంగుల మీద వివక్ష కూడదన్న 1973 చట్టంలోని 504 సెక్షన్‌కి నిబంధనలు రాయకుండా ప్రభుత్వం నాన్చుతుంటే, 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ఫెడరల్ కార్యాలయంలో మూడు వారాలకి పైగా బైఠాయించారు. 1990 మార్చి 12న వీల్‌చెయిర్లు కింద వదిలేసి వాషింగ్టన్‌లో వాళ్ల పార్లమెంటు భవనం కాపిటల్ మెట్లు పాక్కుంటా ఎక్కారు. ఆ జులై 26న అధ్యక్షుడు పెద్ద బుష్ వికలాంగుల హక్కుల చట్టం, అంటే ఏడీఏ మీద సంతకం పెట్టాడు. ఇప్పటికీ అది నడిచేది ఫిర్యాదుల మీదే. టేపు పట్టుకుని షాపు షాపుకీ తిరిగే ఇన్‌స్పెక్టరెవరూ లేరు. ఎక్కువగా దెబ్బ తగిలినవాడే కోర్టుకెళ్లాలి. కాలిఫోర్నియాలో అయితే రాష్ట్ర చట్టం కింద అడ్డు తగిలిన ఒక్కోసారికీ మామూలుగా కనీసం 4,000 డాలర్ల పరిహారం. మోటెళ్లు, పెట్రోలు బంకులు నడిపే మనవాళ్లు దీన్ని లాయర్ల దోపిడీ అంటారు. కొన్ని కేసులు అట్లాంటివే, కాదనను. కానీ చారలకి మళ్లీ రంగు వేయించడానికయ్యే ఖర్చు ఆ 4,000లో ఏ మూలకి?

ఉద్యోగాల దగ్గర మనవాళ్లు అసలు నోరే విప్పరు. 15 మంది, ఆ పైన పనిచేసే ప్రతి కంపెనీకీ ఏడీఏ వర్తిస్తుంది, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి కూడా. చెవి సరిగ్గా వినపడదు, మీటింగుల్లో క్యాప్షన్లు కావాలి అని ఒక ఈమెయిలు పెడితే చాలు, ప్రత్యేకమైన ఫారం ఉండాలని లేదు. కంపెనీ డాక్టరు కాగితం అడగొచ్చు, నీతో కూర్చుని ఏం చేయగలమో మాట్లాడాలి. కాదంటే ఉద్యోగాల్లో వివక్ష కేసులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి 180 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ఆ రాష్ట్రంలో ఇదే పని చూసే సంస్థ ఉంటే 300 రోజులు. ఇవన్నీ ఉన్నా, వీసా పోతుందేమోనని వినికిడి మిషన్‌ని జుట్టు కింద దాచుకుంటారు.

ఇంక మన దగ్గరికొస్తే, చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలు, వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం, ఉన్నత చదువుల్లో 5 శాతం రిజర్వేషను. జనం వచ్చిపోయే పాత భవనాలన్నీ రూల్సు వచ్చిన అయిదేళ్లలో, అంటే 2022 జూన్‌కల్లా సరిచేయాలన్నారు. ర్యాంపు వాలు అక్కడా ఇక్కడా ఒకటే, 12కి 1, అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. కానీ మన టౌన్లలో ఏదో ఒక బ్యాంకు ముందు నిలబడి చూడండి. ఆరంగుళాల మెట్లు మూడు, అంటే 18 అంగుళాల ఎత్తు. దానికి ర్యాంపు 18 అడుగులు రావాలి. రోడ్డు అడ్డమని మేస్త్రీ అయిదడుగుల్లో ముగించేస్తాడు. దాని మీద ఎక్కితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగితే ముందు చిన్న చక్రాలు నేలకి గుచ్చుకుని మనిషి ముందుకి పడతాడు. పైన నున్నటి గ్రానైటు, వానొస్తే కాళ్లున్నవాళ్లే జారతారు. తలుపు ముందు సమంగా ఆగే చోటుండదు కాబట్టి ఒక చేత్తో చక్రం పట్టుకుని రెండో చేత్తో తలుపు లాగాలి. ఇంతా చేసి ఆ ర్యాంపు పనికొచ్చేది క్యాషియరు మోటారుసైకిలు లోపలికి ఎక్కించడానికి.

అప్పుడేం జరుగుతుంది? నలుగురు వచ్చి కుర్చీతో సహా ఎత్తి పైన పెడతారు. "ఏముందబ్బా, పట్టుకోండి" అంటే చాలు, టీ తాగేవాడు గ్లాసు పక్కన పెట్టి వస్తాడు. నెల్లూరు రొట్టెల పండగ రద్దీలో కూడా స్వర్ణాల చెరువు దాకా దారి చేస్తారు. డాలస్‌లో అడగంది ఎవరూ చెయ్యి వెయ్యరు. వెయ్యకపోవడమే మర్యాద, తెలుసు, అయినా ఆ చేతులు ఇక్కడ గుర్తొస్తాయి. కాకపోతే ఎత్తించుకునేవాడు నెలకొకసారి, ఏళ్ల తరబడి, ఎవరినో ఒకరిని అడగాలి. ఆడపిల్ల అయితే డిగ్రీ కాలేజీలో రోజూ అడగాలి. అందుకే చాలామంది మానేస్తారు.

అన్నీ ఇక్కడే గొప్ప అనడానికీ లేదు. అమెరికాలో పేద వికలాంగులకీ ముసలివాళ్లకీ ఇచ్చే ఎస్ఎస్ఐ భృతి తీసుకునే ఒంటరి మనిషి దగ్గర లెక్కలోకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. 1989 నుంచీ అదే అంకె. ఇద్దరు పెళ్లి చేసుకుంటే కలిపి 3,000, నాలుగు వేలు కాదు. మన దగ్గర ఒకటో తారీకు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు చేతిలో పెడుతున్నారు, మంచానికే పరిమితమైనవాళ్లకి 15,000. దీన్ని చిన్న విషయం అనే మనవాళ్లు ఎస్ఎస్ఐ ఫారం ఒక్కసారి నింపి చూడాలి.

అయితే ఆ 6,000కి దారి సదరం సర్టిఫికెట్టు, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టరు కొలిచి ఇచ్చే కాగితం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయిన ముసలివాళ్లున్నారు. 21 రకాల పట్టికలో ఫ్లోరోసిస్ అనే పేరు లేదు. చలన వైకల్యం కింద ఎముకల డాక్టరు కొలవాలి, అందుకని స్లాటు ఆ విభాగానికే తీసుకోవాలి. సచివాలయంలోనో మీ సేవలోనో స్లాటు తీసుకునేటప్పుడు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ముందే సరిచూసుకోవాలి. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు వెంట పంపాలి. వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు మనం ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్లో పెట్టొచ్చు, పరీక్షకి మాత్రం మనిషి స్వయంగా పోవాలి.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు గుడికో కాలేజీకో చందా రాసే ముందు ఒక టేపు కొనండి. ఏదన్నా ప్రభుత్వాఫీసు ర్యాంపు ఎత్తు, పొడవు, వెడల్పు కొలిచి, టేపు కనపడేట్టు ఫోటో తీసి, దాన్ని వాడలేకపోతున్న మనిషి పేరుతోనే అర్జీ రాయించండి. ఆ మనిషి అక్కడ ఉద్యోగే అయితే, 2016 చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగుల ఇట్లాంటి ఫిర్యాదులకి ఒక అధికారి ఉండాలి, రెండు వారాల్లో విచారించాలి. సరిపోలేదనుకుంటే జిల్లా కమిటీకి పోవచ్చు. మిగతావాళ్లు సోమవారం కలెక్టరేట్లో ఇస్తే తీసుకుంటారు, రసీదు మాత్రం వదలొద్దు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాస్తే ఆయన సిఫార్సు చేసిన మూడు నెలల్లో ఆ ఆఫీసు ఏం చేసిందో చెప్పాలి. అర్జీలో "సౌకర్యంగా లేదు" అని రాస్తే పక్కన పడేస్తారు, "18 అంగుళాల ఎత్తుకి 5 అడుగులే ఉంది, 18 అడుగులుండాలి" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.