డ్రిబ్లర్‌, డిఫెండర్ గుద్దుకున్నప్పుడు: విజిల్‌కి ముందు నేను చూసేవి

నేను బాస్కెట్‌బాల్ రిఫరీని. డ్రిబ్లర్, అంటే బంతిని నేలకి కొడుతూ వచ్చే ఆటగాడు, దూసుకొస్తుంటే నేను బంతిని చూడను. డిఫెండర్ కాళ్ళూ మొండెమూ చూస్తాను. ఎవరు కింద పడ్డారో హాల్లో అందరికీ కనిపిస్తుంది. దెబ్బ తగలక ముందు డిఫెండర్ ఎక్కడున్నాడో చూడకపోతే మాత్రం, బ్లాకింగా (తప్పు డిఫెండర్‌ది) చార్జింగా (తప్పు డ్రిబ్లర్‌ది) అన్నది ఊహించి చెప్పాల్సిందే.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల్లో 33వ ఆర్టికల్, అడ్డం నిలబడే హక్కుకి అడిగేది రెండే: డిఫెండర్ ప్రత్యర్థికి ఎదురుగా తిరిగి ఉండాలి, రెండు పాదాలూ నేల మీద ఉండాలి. అలా ఒక్కసారి నిలబడ్డాక పక్కకో వెనక్కో కదలొచ్చు, నిటారుగా పైకి ఎగరొచ్చు, ఆ కదలికలో పాదం క్షణకాలం గాల్లోకి లేచినా తప్పులేదు. ముందుకు, అంటే డ్రిబ్లర్ మీదకి మాత్రం రాకూడదు. ‘కదులుతున్నాడుగా, బ్లాకింగే’ అని బెంచీ నుంచి వినిపించే అరుపుకి నిబంధనల్లో చోటు లేదు. దెబ్బ కాచుకోవడానికి తన సిలిండర్‌లోనే, అంటే తను నిలబడ్డ చోటూ దాని పైన ఉన్న జాగాలోనే, ఒళ్ళు తిప్పుకున్నా హక్కు పోదు. బంతి ఉన్న ఆటగాడి విషయంలో సమయం, దూరం లెక్కలోకి రావు. చివరి క్షణంలో అడ్డం వచ్చినా, తాకకముందే నిలబడితే చాలు.

ఆ తర్వాత ఎక్కడ తగిలిందో చూస్తాను. ఛాతీ మధ్యలో తగిలితే డిఫెండర్ అక్కడికి ముందే చేరినట్టు. భుజం, తుంటి, చాపిన మోకాలు తగిలితే డ్రిబ్లర్ అప్పటికే పక్కనుంచి దాటుతున్నాడన్నమాట. దాదాపు ఎప్పుడూ బ్లాకింగే.

ఇదంతా కనబడాలంటే ఇద్దరి మధ్య ఖాళీ నా కళ్ళకి తెరిచి ఉండాలి. ముగ్గురం ఒకే గీతలో ఉంటే ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనిపించదు. పక్కకి ఒకటి రెండు అడుగులు వేస్తే చాలు, వెలుతురు కనిపిస్తుంది. పరిగెడుతూ ఇచ్చిన నిర్ణయాలే ఎక్కువగా తప్పుతాయి, తల ఊగుతుంటే చూపు నిలవదు మరి. ముందే చోటు చేరి, తాకిడి జరిగే క్షణానికి ఆగి ఉండాలి.

చేతుల సంగతి వేరు, నా దృష్టిలో ఇదే అసలు కష్టం. డిఫెండర్ అరచెయ్యి డ్రిబ్లర్ తుంటి మీద ఆనించి ఉంచితే శబ్దం రాదు, ఎవరూ పడరు. కానీ ఆ వైపు భుజం కొద్దిగా వంగుతుంది, తర్వాతి బౌన్స్ ఒంటికి దూరంగా పడుతుంది, రింగ్ వైపు పెట్టాల్సిన అడుగు సైడ్‌లైన్ వైపు పడుతుంది. అడ్డుకోవడానికి ఆనించిన చెయ్యి తియ్యకపోయినా, మళ్ళీ మళ్ళీ తాకుతున్నా ఫౌల్. ఒక్కసారి తగిలి, లయ చెడకుండా డ్రిబ్లర్ దాటిపోతే వదిలేస్తాను. మొదటి క్వార్టర్‌లోనే ఇలాంటివాటికి విజిల్ వేయాలి. అప్పుడు వదిలేసి నాలుగో క్వార్టర్‌లో పట్టుకుంటే రెండు జట్లూ మండిపడతాయి, అందులో న్యాయం ఉంది కూడా.

డ్రిబ్లర్ చేతులూ అమాయకం కావు. బంతి లేని చేతిని డిఫెండర్ నడుం చుట్టూ కొక్కెంలా వేసి దాటడం, మోచెయ్యి చాపి నెట్టి జాగా చేసుకోవడం, ముంజేతిని అడ్డుపెట్టి బంతి అందకుండా చేయడం, మూడూ ఫౌళ్ళే. పైగా డిఫెండర్ వెనక్కి జారుతున్నందువల్ల ఇది అతని బలహీనతలా కనిపిస్తుంది. మోచెయ్యి పూర్తిగా చాపుకుందా, అప్పుడే ఎడం పెరిగిందా అన్నది నాకు ఆనవాలు.

బాస్కెట్ కింద 1.25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న నో-చార్జ్ అర్ధవృత్తం ఉంటుంది. డిఫెండర్ ఒక్క పాదమైనా అందులో తాకి ఉండగా, గాల్లో ఉన్న ఆటగాడు షాటో పాసో వేస్తూ గుద్దుకుంటే చార్జింగ్ ఇవ్వను, చేతులో కాళ్ళో మోచేతులో అక్రమంగా వాడితే తప్ప. నేల మీద డ్రిబ్లింగ్ చేస్తూ వచ్చి గుద్దితే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

ఎదురెదురు కోణాల్లో ఉన్న ఇద్దరు రిఫరీలం ఒకేసారి విజిల్ వేస్తే అసలు చిక్కు అప్పుడే. ఒకరు నడుం మీద చేతులు పెట్టి బ్లాకింగ్ అని, మరొకరు చార్జింగ్ అని చూపించేశారంటే వెనక్కి తీసుకోవడం గగనం. అందుకే విజిల్‌తో పాటు పిడికిలి మాత్రమే పైకెత్తి ఆగుతాను. ఆట ఎవరి ఏరియాలో మొదలైందో కళ్ళతోనే తేల్చుకుంటాం, సైగ వాళ్ళే చేస్తారు, రెండోవాళ్ళు చెయ్యి దించేస్తారు.