చూపు పోయింది, కళ్ళకేమీ కాలేదు

కాన్పు తర్వాత నాకు వచ్చిన జబ్బును వార్డులో ప్రెస్ అంటారు. పూర్తి పేరు పోస్టీరియర్ రివర్సిబుల్ ఎన్‌సెఫలోపతీ సిండ్రోమ్. మెదడులో, ముఖ్యంగా వెనక భాగంలో, రక్తనాళాల నుంచి నీరు ఊరి వాపు వస్తుంది. 1996లో 15 మంది రోగుల వివరాలతో ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చాక దీన్ని విడి జబ్బుగా గుర్తుపట్టడం మొదలైంది. ఆ 15 మందిలో ముగ్గురికి గుర్రపువాతం, అంటే గర్భిణులకు, బాలింతలకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ఎక్లాంప్సియా. మిగతావాళ్ళలో ఎక్కువమంది అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవాళ్ళు, కిడ్నీ జబ్బుతో బీపీ విపరీతంగా పెరిగినవాళ్ళు. ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఇది కనబడేది ఎక్కువగా వీళ్ళలోనే. వీళ్ళకు తోడు కొన్ని కేన్సర్ మందులు, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), తీవ్రమైన ఇన్ఫెక్షన్ కూడా కారణమవుతాయి.

మొదట తలనొప్పి. బాలింతకు తలనొప్పి వస్తే నిద్ర చాలలేదనో, వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లనో అనుకుంటారు. మత్తు సూది వల్ల వచ్చే నొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. నాది ఎలా ఉన్నా ఒకటే. ఈ తేడాను నర్సుకు విడమరిచి చెప్పాలి. ఉత్త “తలనొప్పిగా ఉంది” అంటే పారాసిటమాల్ ఇచ్చి వెళ్తారు. తలనొప్పి చెప్పిన ప్రతిసారీ బీపీ చూడమని అడగండి.

తర్వాత చూపు. ముందు మసక, ఆపైన ఎదుటివాళ్ళ ముఖంలో ఒక పక్క కనబడకపోవడం, మెరుపులు, చివరికి ఏమీ కనబడలేదు. కంట్లో టార్చి వేస్తే కంటిపాప మామూలుగానే ముడుచుకుంది, కంటి లోపలి తెర రెటీనా కూడా బాగానే ఉంది. వెలుగుకు కంటిపాప ముడుచుకునే దారి మెదడు వెనకనున్న దృష్టి కేంద్రం దాకా వెళ్ళదు. అందుకని కంటి పరీక్ష బాగుందన్నంత మాత్రాన చూపు బాగున్నట్టు కాదు, రోగి భయపడి అబద్ధం చెబుతున్నట్టూ కాదు. కొందరికి తమకు కనబడటం లేదన్న సంగతే తెలియదు, కనబడుతోందనే వాదిస్తారు. అలాంటప్పుడు వేళ్ళు చూపించి ఇవి ఎన్ని అని రెండు పక్కలా విడివిడిగా అడిగి చూడాలి.

చాలామందికి ఫిట్స్ కూడా వస్తాయి. ఫిట్ వచ్చిన మనిషికి అది గుర్తుండదు, కాబట్టి పక్కనున్నవాళ్ళు చూసిందే ఆధారం. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, తల, కళ్ళు ఏ పక్కకు తిరిగాయి అన్నవి రాసిపెట్టాలి. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు.

ఎందుకిలా? రక్తపోటు పెరిగినా తగ్గినా మెదడు నాళాలు తమంతట తామే బిగిసి, సడలి ప్రవాహాన్ని సరిచూసుకుంటాయి. పోటు ఒక హద్దు దాటితే ఆ బిగింపు ఓడిపోతుంది. మెదడు వెనక భాగపు నాళాలకు ఈ బిగింపులో తోడ్పడే నరాలు తక్కువ, అందుకే చాలావరకు దెబ్బ అక్కడే. ఎక్లాంప్సియాలోనూ, టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వంటి అవయవ మార్పిడి మందులతోనూ నాళాల లోపలి పొర ముందే దెబ్బతిని ఉంటుంది. కాబట్టి బీపీ అంతగా పెరగకపోయినా జబ్బు రావచ్చు. “బీపీ పెద్దగా లేదు కదా” అని పక్కన పెట్టేయడం తప్పు.

ముందు సీటీ తీస్తారు. అది రక్తస్రావం లేదని త్వరగా తేల్చడానికే. ప్రెస్ ఉన్నా సీటీ మామూలుగా ఉండవచ్చు. ఎంఆర్‌ఐలో వెనక రెండు పక్కలా తెల్లటి మచ్చలుగా వాపు కనబడుతుంది. అది నాళాల నుంచి ఊరిన నీరా, రక్తం అందక కణాలు చచ్చిపోతున్నాయా అన్నది ఎంఆర్‌ఐలోనే నీటి కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రాలు తేలుస్తాయి. బాలింతల్లో మెదడు సిరల్లో గడ్డ కట్టడం కూడా ఇలాగే కనబడుతుంది కాబట్టి సిరల చిత్రం కూడా తీయించడం మంచిది.

వైద్యంలో బంధువులు ఎక్కువగా కంగారు పడేది బీపీ దగ్గరే. మందు ఎక్కుతున్నా 120/80 రావడం లేదేమని అడుగుతారు. రాకూడదు. పెరిగిన పోటుకు అలవాటుపడిన మెదడుకు ఒక్కసారిగా రక్తం తగ్గితే స్ట్రోక్ రావచ్చు. మొదటి కొన్ని గంటల్లో సగటు పోటును 20 నుంచి 25 శాతానికి మించి తగ్గించరు. లెక్క ఇలా: పై అంకెలోంచి కింది అంకె తీసేసి, మూడో వంతు కింది అంకెకు కలపాలి. 190/120 ఉంటే సగటు 143. 150/90 అయితే 110. మొదటి రోజుకు ఆ తగ్గుదల చాలు. లాబెటలాల్, నికార్డిపిన్ వంటి మందులు సిరలో ఇస్తూ మాటిమాటికీ బీపీ చూస్తుంటారు.

ఎక్లాంప్సియా ఫిట్స్‌కు మొదటి మందు మెగ్నీషియం సల్ఫేట్. సిరలో ఇచ్చే పద్ధతిలో 4 గ్రాములు 15, 20 నిమిషాల్లో, ఆపైన గంటకు 1 గ్రాము. కాన్పు, చివరి ఫిట్ ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అక్కడి నుంచి 24 గంటలు. ఎక్కుతుంటే ఒళ్ళంతా సెగ పుట్టినట్టుంటుంది, వికారం, కాళ్ళూ చేతులూ బరువు. అది మామూలే. మామూలు కానిది మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగరకపోవడం, ఊపిరి నిమిషానికి 12 కన్నా తగ్గడం. ఈ మందు మూత్రంలోనే బయటికి పోతుంది, కాబట్టి మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే ఒంట్లో పేరుకుంటుంది. విరుగుడు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు, నెమ్మదిగా సిరలోకి. అది మంచం పక్కనే ఉండాలి. ఏదైనా మందు వల్ల ప్రెస్ వస్తే దాన్ని తగ్గించడమో మార్చడమో డాక్టర్లు చేస్తారు. అవయవ మార్పిడి మందును మాత్రం సొంతంగా ఆపకూడదు.

చూపు ఒకేసారి తిరిగి రాలేదు. ముందు వెలుగు, తర్వాత కదలిక, రంగులు, ఆకారాలు. చదవడం అన్నిటికన్నా ఆలస్యం, పంక్తి మధ్యలో అక్షరాలు జారిపోయేవి. చాలామందికి రోజుల నుంచి రెండు మూడు వారాల్లో లక్షణాలు పోతాయి, ఎంఆర్‌ఐ శుభ్రపడటానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. మెదడులో రక్తం చిమ్మినా, కణాలు చచ్చిపోయినా కొంత లోటు మిగలవచ్చు. ఫిట్స్ మందు చాలామందికి జీవితాంతం అక్కర్లేదు, కానీ డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు.

ఇంటికి వచ్చాక జాగ్రత్త తగ్గించే సమయం కాదు. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్ళీ పెరుగుతుంది, ఎందుకంటే వాపుగా ఉన్న నీరు రక్తంలోకి తిరిగొస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఆనించి, చేతికి సరిపడే పట్టీతో చూసుకోవాలి. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. 150/100 దాటితే డాక్టరుకు ఫోన్ చేయడం, 160/110 వస్తే 15 నిమిషాల్లో మళ్ళీ చూసి అలాగే ఉంటే ఆసుపత్రికి బయల్దేరడం. తలనొప్పో మసకో తోడైతే రెండోసారి చూసేదాకా ఆగక్కర్లేదు. లాబెటలాల్, నిఫెడిపిన్, ఎనలాప్రిల్ పాలిచ్చే తల్లులకు వాడే మందులే. పాల కోసం బీపీ మాత్ర మానేయకండి.

నిద్ర లేకపోతే ఫిట్స్ తిరగబెట్టవచ్చు. రాత్రి ఒకసారైనా పాలు పట్టే పని ఇంకొకరు తీసుకోవాలి. నేను బిడ్డకు నేల మీద పరుపేసుకుని కూర్చునే పాలిచ్చాను, ఒక్కదాన్నే స్నానం చేయించలేదు, బిడ్డనెత్తుకుని మెట్లు దిగలేదు. డాక్టరు సరేననేదాకా బండి నడపకూడదు.

డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు, ఎంత బీపీలో వచ్చింది, ఎంఆర్‌ఐ తేదీ ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, రక్తస్రావం ఆపడానికిచ్చే మిథైల్ ఎర్గోమెట్రిన్ బీపీని పెంచుతాయి, ఈ రెండూ వద్దని కూడా రాయించుకోండి. మళ్ళీ గర్భం వస్తే 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టే మాట డాక్టరుతో మాట్లాడాలి. కాబట్టి ఆ కాగితాన్ని మొదటి పరీక్షకే తీసుకెళ్ళండి.