మామూలు మంగళవారం నాడు కాలేజీ చూడండి

వాళ్లే పిలిచి చూపించే రోజున ఏ కాలేజీ అయినా ముచ్చటగానే ఉంటుంది. గోడలకు కొత్త రంగు, ల్యాబుల్లో ఉతికిన తెల్ల కోట్లు, అడగకముందే జవాబు చెప్పే చలాకీ పిల్లలు. పై పటారం లోన లొటారమో కాదో ఆ రోజు తేలదు. సెమిస్టరు నడిమధ్యలో, ఏ విశేషమూ లేని ఓ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. మీరు చేరాలనుకుంటున్న డిపార్ట్‌మెంట్ వరండాలో అరగంట తిరిగితే చాలు, బ్రోషరు చెప్పని సంగతులు చాలానే తెలుస్తాయి.

ముందు టైంటేబుల్ చూడండి. ఆ గంటలో ఉండాల్సిన క్లాసు జరుగుతోందా? తర్వాత ల్యాబు. తాళం వేసి ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. ఎవరికీ తెలియకపోతే అదే మీ జవాబు. తెరిచి ఉంటే ఒక్కో పరికరం దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఇద్దరు ముగ్గురైతే అందరి చేతులకూ పని ఉంటుంది. ఎనిమిది మంది ఉన్నచోట ఒకరు చేస్తారు, ఒకరు రీడింగులు రాస్తారు, మిగతా ఆరుగురూ సాయంత్రం ఆ రికార్డు చూసి దించుకుంటారు. పరికరం పక్కన వాడకం రిజిస్టరు ఉంటే ఆఖరిసారి ఎప్పుడు రాశారో చూడండి. ఖరీదైన యంత్రాలకు అట్టపెట్టె వాసన ఇంకా పోలేదంటే అవి తనిఖీకి వచ్చేవాళ్ల కోసం కొన్నవని అనుమానించవచ్చు.

విద్యార్థుల్ని ‘కాలేజీ ఎలా ఉంది?’ అని అడక్కండి. ‘బాగానే ఉంది’ అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి, పోయినసారి ఇచ్చిన అసైన్‌మెంటు దిద్ది ఎన్నాళ్లకు తిరిగి ఇచ్చారు, కాగితం మీద మార్కు ఒక్కటే వేశారా, ఎక్కడ తప్పిందో కూడా రాశారా, డౌటొస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు అని అడగండి. ఈ ప్రశ్నలకు రెండో ఏడాది వాళ్లే సరైన మనుషులు. మొదటి ఏడాది వాళ్లకు కొత్త మోజు తీరి ఉండదు, ఆఖరి ఏడాది వాళ్ల మనసంతా ఉద్యోగం మీద ఉంటుంది.

ఇక అంకెలు. ర్యాంకుల పట్టికల్లోని సమాచారంలో చాలా భాగం కాలేజీలు తమంతట తాము రాసిచ్చేదే. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ అక్కడి పేరున్న పట్టికలో రెండో స్థానంలో ఉండగా, 2022లో అక్కడే గణితం చెప్పే ప్రొఫెసర్ మైకేల్ థాడియస్ కూర్చుని లెక్కలు తీశారు. ఇరవై మంది లోపు ఉండే క్లాసులు 82.5 శాతమని యూనివర్సిటీ చెప్పుకుంది. క్లాసుల జాబితా పట్టుకుని ఆయన లెక్కేస్తే అది 63, 67 శాతాల మధ్య తేలింది. ఆ సెప్టెంబరులో వచ్చిన పట్టికలో కొలంబియా 18వ స్థానానికి దిగింది. క్లాసులో పాఠం మునుపటిలాగే నడిచింది, కాగితం మీది అంకె మాత్రం కిందికి జారింది.

అబద్ధం ఆడకుండానే మోసపుచ్చే అంకెలు ఇంకా ఉన్నాయి. రెండు క్లాసులున్నాయనుకోండి: ఒకదాంట్లో 10 మంది, ఇంకోదాంట్లో 90 మంది. సగటు 50 అని కాలేజీ చెబుతుంది, తప్పేమీ లేదు. కానీ వందమందిలో తొంభై మంది కూర్చునేది ఆ కిక్కిరిసిన గదిలోనే. ‘నీ క్లాసులో ఎంతమంది?’ అని ఒక్కొక్కరినీ అడిగి సగటు తీస్తే 82 వస్తుంది. మీరు కూర్చోబోయేది ఈ రెండో లెక్కలో.

ప్లేస్‌మెంట్ల విషయంలో ‘90 శాతం’ అన్న మాట వినగానే దేనిలో 90 అని అడగాలి. బ్రాంచిలో 120 మంది ఉంటారు. బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లనూ, కనీస మార్కులు లేనివాళ్లనూ తీసేస్తే 80 మంది మిగులుతారు. వాళ్లలో పేరు నమోదు చేసుకున్నవారు 60, ఉద్యోగం వచ్చినవారు 54. అరవైలో యాభై నాలుగు నిజంగానే 90 శాతం. నూట ఇరవైలో చూస్తే 45. ఒకే మనిషికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కపెట్టే చోట్లు కూడా ఉంటాయి కాబట్టి ‘ఎన్ని ఆఫర్లు’ అని కాకుండా ‘ఎంతమందికి’ అని అడగండి. జీతాల్లో సగటును నమ్మొద్దు. పదిమందిలో తొమ్మిది మందికి ఏడాదికి 4 లక్షల చొప్పున, ఒకరికి 44 లక్షలు వస్తే సగటు 8 లక్షలు అవుతుంది. ఆ 8 లక్షలు వాళ్లలో ఎవరికీ రాలేదు. అందరినీ వరుసగా నిలబెడితే మధ్యలో ఉన్న మనిషికి ఎంతొచ్చిందో అడగండి, అదీ మీ బ్రాంచి వరకు. చెప్పడానికి ఇష్టపడకపోతే కారణం మీకే అర్థమవుతుంది.

ఖర్చు గురించి ఒక్క మాట. ఫీజుకు హాస్టలు, పరీక్షలు, పరికరాలు, రాకపోకలు కలిపి కోర్సు ఎన్నేళ్లో అన్నేళ్లకూ వేయండి. స్కాలర్‌షిప్ ఇస్తామంటే అది రెండో ఏడాది కూడా రావాలంటే ఎన్ని మార్కులుండాలో కాగితం మీద రాయించుకోండి.

ఆప్షన్లు పెట్టే దగ్గర చాలామంది అతి తెలివికి పోయి దెబ్బతింటారు. మొదట సీట్ల కేటాయింపు ఏ పద్ధతిలో జరుగుతుందో తెలుసుకోవాలి. 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు ఒక పద్ధతి రాశారు: ప్రతి సీటూ ముందు తాత్కాలికంగానే ఇస్తారు, మెరుగైన అభ్యర్థి వస్తే పాతవారు తమ తర్వాతి ఆప్షన్‌కు వెళ్తారు. ఈ పద్ధతిలో విద్యార్థి తన నిజమైన ఇష్టం వరసలోనే పెట్టుకోవాలి. అందని కాలేజీని మొదట పెట్టినందువల్ల రెండోదాంట్లో అవకాశం తగ్గదు. ఎన్ని ఆప్షన్లు పెట్టాలో పరిమితి ఉంటే మాత్రం చివర ఒకటి రెండు కచ్చితంగా వచ్చేవి ఉండాలి. ‘మొదటి ఆప్షన్‌గా పెట్టినవారికే ముందు’ అనే పద్ధతి ఇంకోటుంది. అమెరికాలోని బాస్టన్ బడుల్లో 2005 దాకా అదే నడిచింది. అక్కడ ఆశ కొద్దీ మొదటి ఆప్షన్ పెడితే రెండోది కూడా చేజారుతుంది. రెండు పద్ధతులూ వేరు, అందుకే పక్కింటివాళ్ల సలహా మీకు పనికిరాకపోవచ్చు.

కోరుకున్న కాలేజీ రాలేదని కుమిలిపోయేవాళ్లకు ఒక పరిశోధన చెప్పాలి. డేల్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించారు. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు పెట్టి, ఒకే రకంగా ఎంపికైనవాళ్లను పోల్చి చూశారు. పెద్ద పేరున్న చోట చేరినవారికీ చేరనివారికీ తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవారికి మాత్రం పేరున్న కాలేజీ మేలు చేసింది.

చేరాక మళ్లీ మంగళవారమే. ఐరోపా క్రెడిట్ల లెక్కలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. నలభై వారాలకు పంచితే వారానికి 38 నుంచి 45 గంటలు. క్లాసులో కూర్చునే సమయం పోగా మిగిలిన గంటలు ఎక్కడ ఇమిడుస్తారో మొదటి వారంలోనే టైంటేబుల్ మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. రెండు క్లాసుల మధ్య ఖాళీగా ఉండే గంటలే ఎక్కువ వృథా అవుతాయి. రూముకెళ్లి వద్దామని లేస్తే ఇక తిరిగి రారు.

ఆ గంటల్లో ఏం చేయాలంటే, చదివిందే మళ్లీ చదవకండి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత రెండోసారి చదివించారు, కొందరిచేత పాఠం మూసేసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే ముందున్నారు: వాళ్లకు 81 శాతం గుర్తుంటే, రాసినవారికి 75 శాతం. వారం తర్వాత పెడితే తిరగబడింది: చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం గుర్తుంది. పరీక్ష ముందు రాత్రి చదువు ఎందుకంత ధైర్యమిస్తుందో, వారానికే ఎందుకు ఆవిరవుతుందో ఇందులోనే ఉంది. క్లాసు అయిన రోజు సాయంత్రం తెల్లకాగితం తీసుకుని పది నిమిషాలు గుర్తున్నది రాయండి, తర్వాత నోట్సు తెరిచి తప్పినవి వేరే రంగు పెన్నుతో చేర్చండి. ఆ రెండో రంగే మీరు చదవాల్సిన సిలబస్.

అందులోనూ అంతుపట్టనివి మిగిలితే లెక్చరరు దగ్గరికి వెళ్లండి. మూడో వారంలోనే వెళ్లాలి, పరీక్షల ముందు గది బయట క్యూ ఉంటుంది. ‘ఈ చాప్టరు అర్థం కాలేదు సార్’ అంటే ఆయనకు మళ్లీ చాప్టరంతా చెప్పే తీరిక ఉండదు. మీరు సగం చేసి ఆగిపోయిన కాగితం చూపించి, ‘మూడో స్టెప్పు దాకా వచ్చాను సార్, ఇక్కడ మైనస్ ఎందుకొచ్చిందో తెలియలేదు’ అనండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఆయనకు మీ మొహమూ గుర్తుంటుంది.

ఈ గుర్తుండటం మూడో ఏడాదిలో సిఫారసు లేఖ అడిగేటప్పుడు అక్కరకొస్తుంది. గడువుకు కనీసం మూడు వారాల ముందు అడగండి. అడిగేటప్పుడు ఒకే పేజీలో ఆయన దగ్గర ఏ కోర్సు చదివారు, ఎన్ని మార్కులొచ్చాయి, ప్రాజెక్టులో మీ చేతి పని ఏది, లేఖ ఎవరికి, ఏ తేదీలోపు పంపాలి అన్నవి రాసి ఇవ్వండి. గడువుకు అయిదు రోజుల ముందు ఒకసారి గుర్తుచేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.