నడుము ఎంత వంగింది, ఎన్నాళ్లు వంగలేదు

మావారు అమెరికా సైన్యంలో 8 ఏళ్లు ట్రక్కుల మరమ్మతు విభాగంలో పనిచేశారు. ఒకరోజు టైరు దించుతుండగా పట్టేసిన నడుము ఆ తర్వాత ఎన్నడూ పూర్తిగా వదల్లేదు. ఇంజన్ల మధ్య మొదలైన చెవిలో హోరు ఇప్పటికీ రాత్రివేళ ఆయనను నిద్రపోనివ్వదు. సైన్యం నుంచి బయటికి వచ్చిన చాలా కాలానికి, నేను పట్టుబట్టగా, మాజీ సైనికుల శాఖకు, అంటే అందరూ వీఏ అని పిలిచే శాఖకు, వైకల్య పరిహారం కోసం దరఖాస్తు చేశారు. ఆ కాగితాల పని మొత్తం నా చేతుల మీదుగానే జరిగింది. మాలాగే ఈ దారిలో నడవబోయే కుటుంబాలకు పనికొస్తుందని, మేము ఆలస్యంగా తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

దరఖాస్తు కంటే ముందే పంపవలసిన చిన్న కాగితం ఒకటి ఉంది. 'దరఖాస్తు చేయాలనుకుంటున్నాను' అని మాత్రమే తెలిపే ఆ ఫారం నంబరు 21-0966. అది అందిన రోజు నుంచి ఏడాదిలోపు అసలు దరఖాస్తు, అంటే 21-526ఈజెడ్, పూర్తి చేసి పంపితే, మంజూరైన పరిహారాన్ని సాధారణంగా ఆ మొదటి తేదీ నుంచే లెక్కగడతారు. సైన్యం విడిచిన ఏడాదిలోపే దరఖాస్తు చేసినవారికైతే విడిచిన మర్నాటి నుంచే లెక్క మొదలయ్యే అవకాశం ఉంటుంది. ఆ గడువు మాకు ఎప్పుడో దాటిపోయింది.

దరఖాస్తులో ప్రధానంగా మూడు విషయాలు నిలబడాలి. ఆ జబ్బు ఇప్పుడు ఉందని వైద్యులు నిర్ధారించాలి, సర్వీసులో దానికి మూలమైన సంఘటన కనిపించాలి, ఆ రెండింటికీ లంకె కుదరాలి. లంకె విషయంలో నూటికి నూరుపాళ్ల రుజువు అడగరు. అవుననడానికీ కాదనడానికీ సాక్ష్యం సమానంగా ఉంటే, సందేహం వల్ల కలిగే లాభం సైనికుడికే దక్కాలని చట్టం చెబుతుంది. టైరు దించిన మర్నాడు మావారు శిబిరంలోని వైద్యుడి దగ్గరికి వెళ్లినట్టు ఒక పాత చీటీ దొరికింది. ఆ ఒక్క కాగితమే మాకు ఆధారమైంది.

అలాంటి చీటీ అందరికీ దొరకదు. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రంలో రేగిన మంటల్లో 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. మాకు సాయం చేసిన అధికారి గది బయట కలిసిన ఒక పెద్దాయన తన తండ్రి ఫైలు అందులోనే పోయిందని చెప్పారు. తోటి సైనికుల వాంగ్మూలాలతో, దళం రోజువారీ నివేదికలతో ఆ లోటును కొంత పూడ్చుకోవచ్చు. అయినా ఆ పని ఎంత ఓపికతో కూడుకున్నదో ఆయన చేతిలోని సంచీ చూస్తే నాకు అర్థమైంది.

ఇక అసలు విషయం వైద్య పరీక్ష. వాడుకలో సీ అండ్ పీ అంటారు. అది చికిత్స కోసం చేసే పరీక్ష కాదు. పరీక్షించేవారు మందు రాయరు, పరిహారానికి ఆధారమైన వైకల్య శాతాన్ని నిర్ణయించేదీ వారు కాదు. డీబీక్యూ అనే ప్రశ్నావళిని నింపి పంపుతారు. దానిని చదివి, ఒక్కో జబ్బుకు నియమావళిలో ఉన్న కొలతలతో పోల్చి శాతం వేసేది మరెక్కడో కూర్చున్న వేరొక ఉద్యోగి. అందువల్ల ఆ ప్రశ్నావళిలోకి ఎక్కని బాధ ఆ ఉద్యోగి కంటికి కనిపించే అవకాశం చాలా తక్కువ.

మావారిని పరీక్షించిన ఆవిడ మర్యాదగా, శ్రద్ధగానే చూశారు. కోణాలు కొలిచే గోనియోమీటర్‌తో నడుము ఎంతవరకు వంగుతుందో కొలిచారు. మామూలుగా 90 డిగ్రీలు వంగవలసిన నడుము ఆ రోజు 75 దగ్గర ఆగింది. తర్వాత, నొప్పి ఒక్కసారిగా తిరగబెట్టే రోజులు ఉంటాయా అని అడిగారు. "అప్పుడప్పుడూ కాస్త పడుతుంది, ఫర్వాలేదు, సర్దుకుంటాను" అని మావారు చెప్పారు. మా అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగినా ఆయన చెప్పే జవాబు అదే. ఆ మాటను బట్టి ఆవిడ, తిరగబెట్టే రోజులు లేవని రాసుకున్నారు. ముందుకు వంగడం 60 డిగ్రీలు దాటి 85 లోపు ఉంటే 10 శాతం, 30 దాటి 60 లోపు ఉంటే 20 శాతం. నిర్ణయ పత్రంలో నడుముకు 10 శాతం, చెవిలో హోరుకు 10 శాతం వచ్చాయి.

20-10206 ఫారం పంపి పరీక్ష నివేదిక తెప్పించుకుని చదివినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. నెలలో నాలుగైదు రోజులు ఆయన మంచం అంచున కూర్చుని ఉంటే మేజోళ్లు తొడిగేది నేను. కింద పడిన తువ్వాలును వంగలేక కాలివేళ్లతో పట్టుకుని పైకి లేపడం పిల్లలు కూడా చూశారు. ఆ కాగితంలో అవేవీ లేవు, ఎందుకంటే ఆయన చెప్పలేదు. పరీక్ష జరిగే సమయానికి నొప్పి తిరగబెట్టి లేకపోయినా, అలాంటి రోజుల్లో నడుము ఎంత పట్టేస్తుందో సైనికుడిని అడిగి తెలుసుకుని అంచనా వేయాలని 2017లో షార్ప్ కేసులో మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు చెప్పింది. అయితే ఆ అంచనాకు ముడిసరుకు సైనికుడి నోటి మాటే.

నిర్ణయం నచ్చకపోతే 2019 ఫిబ్రవరి 19 నుంచి మూడు దారులు అమల్లో ఉన్నాయి. పై అధికారి చేత మళ్లీ పరిశీలింపజేయడం ఒకటి, కానీ అందులో కొత్త సాక్ష్యం చేర్చడానికి వీల్లేదు. అప్పీళ్ల బోర్డుకు వెళ్లడం మరొకటి. మాకు కావలసింది కొత్త సాక్ష్యం చేర్చడమే కనుక మూడోదైన అనుబంధ దరఖాస్తును, అంటే 20-0995ను ఎంచుకున్నాం. నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు పంపినందువల్ల మొదటి తేదీ కూడా చేజారలేదు.

కొత్త సాక్ష్యంగా మూడు నెలల నోటుపుస్తకాన్ని జతచేశాం. ఏ తేదీన నొప్పి తిరగబెట్టింది, ఎన్ని గంటలు ఉంది, ఆ పూట ఏ పని ఆగిపోయింది అన్నవి మాత్రమే రాశాం. 'భరించలేని నొప్పి' అని రాయడం కంటే 'మంగళవారం బూటు లేసు కట్టుకోలేకపోయాడు' అని రాయడం మేలని మాకు సాయం చేసిన అధికారి చెప్పిన సలహా నాకు చాలా నచ్చింది. 21-10210 ఫారంపై నేను చూసినదాన్ని నా మాటల్లో రాసి సంతకం చేశాను. ఒక్క రోజు కూడా ఎక్కువ చేసి రాయలేదు. ఎక్కువ చేయడం తప్పని తెలిసిన మావారికి, తక్కువ చేసి చెప్పినా కాగితం మీద అబద్ధమే మిగులుతుందని ఒప్పించడానికి మాత్రం నాకు చాలా రోజులు పట్టింది.

రెండో పరీక్షలో ఆయన నోటుపుస్తకం చూసుకుంటూ జవాబులు చెప్పారు. తిరగబెట్టిన రోజుల్లో 50 డిగ్రీలకు మించి వంగదని నివేదికలో అంచనా వచ్చింది, నడుముకు 20 శాతం వచ్చింది. ఇక్కడ శాతాలను నేరుగా కూడరు. 100లో 20 పోగా మిగిలిన 80లో 10 శాతం అంటే 8, మొత్తం 28, దాన్ని దగ్గరి పదికి సవరించి 30 చేస్తారు. 30 శాతానికి చేరితే భార్యాపిల్లల పేరిట అదనపు మొత్తం కూడా కలుస్తుంది కనుక మా ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

ఒక హెచ్చరిక చేయాలి. మొదటి దరఖాస్తు తయారుచేసినందుకు ఫీజు తీసుకునే హక్కు చట్టప్రకారం ఎవరికీ లేదు. వీఏ గుర్తింపు ఉన్న మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు, చాలాచోట్ల కౌంటీ అధికారులు, ఈ సాయం ఉచితంగా చేస్తారు. రాబోయే పరిహారంలో వాటా అడుగుతూ ఫోన్ చేసేవారికి దయచేసి మీ వివరాలు ఇవ్వకండి.

పోయిన వారం 21-686సీ ఫారంలో నా పేరు, పిల్లల పేర్లు రాసి, ఇండియాలో తీసుకున్న మా వివాహ ధ్రువపత్రంతో కలిపి పంపించాను. నోటుపుస్తకం ఇంకా వంటగది సొరుగులోనే ఉంది. ఇన్నాళ్లూ అందులో ఉన్నదంతా నా చేతిరాతే. నిన్నటి తేదీ కింద మాత్రం ఆయన చేతిరాతతో ఒక వాక్యం కనిపించింది: "ఉదయం 6 నుంచి 11 దాకా వంగలేకపోయాను."