ఏ తారీఖున బయల్దేరావు?

శనివారం. రాత్రి పదకొండు కావస్తోంది.

పొద్దున్న అమలాపురంలో బయల్దేరేసరికే ఎండ చుర్రుమంటోంది. ఎదుర్లంక వంతెన దాటాక యానాంలో స్కూటీకి పెట్రోలు కొట్టించాను. మా వైపు వాళ్ళెవరూ యానాం మీదుగా పోతూ పెట్రోలు కొట్టించకుండా పోరు, లీటరుకి కాస్త కలిసొస్తుందని. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు, అంటే అక్కడ దేశం సరిహద్దు ఉండేది. ఇప్పుడా సరిహద్దు పెట్రోలు ధరలోనూ, బ్రాందీ షాపుల వరసలోనూ తప్ప ఎక్కడా కనపడదు.

తాళ్ళరేవు దగ్గర డిగ్రీ పిల్లలకి నెలకో శనివారం చట్టాల గురించి చెప్పడం రెండేళ్ళుగా అలవాటు. వరకట్నం, వినియోగదారుల కోర్టు, మోటారు ప్రమాదాల పరిహారం అన్నీ అయిపోయాయి. ఈసారి శరణార్థుల చట్టం చెప్తానంటే మా సీనియరు లాయరుగారు నవ్వారు. "కోనసీమలో శరణార్థులెక్కడమ్మా? గోదారి పెద్ద వరదొస్తే లంకల్లోంచి వచ్చే వాళ్ళే గదా!" అన్నారు. నేనేమీ అనలేదు.

బోర్డు మీద మొదట "కాందిశీకుడు" అని రాశాను. సగం మందికి ఆ మాటే తెలీదు. పాత పేపర్లలో అదే వాడేవారు, 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది వచ్చినప్పుడు కూడా. సంస్కృతంలో "కాం దిశం", అంటే ఏ దిక్కుకి పోను అని అడుగుతూ పరిగెత్తేవాడని అర్థం. ఇప్పుడు వాడే శరణార్థి మాటలో రక్షించమని అడగడం ఉంది. చట్టం మాత్రం ఈ రెండూ అడగదు. ఎందుకు బయల్దేరావు అని అడుగుతుంది.

1951 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం – ఈ అయిదింటిలో దేనివల్లనైనా పీడిస్తారన్న సహేతుకమైన భయం ఉండాలి. సొంత దేశం దాటి ఉండాలి. ఆ దేశం కాపాడలేకపోవాలి, లేదా ఆ భయం వల్ల దాన్ని కాపాడమని అడిగే పరిస్థితి ఉండకూడదు. మొదట్లో 1951కి ముందు జరిగిన వాటికే పనికొచ్చేది, 1967 ప్రోటోకాల్ ఆ గీత చెరిపేసింది. మన దేశం రెంటి మీదా సంతకం పెట్టలేదు. ఇక్కడ టిబెట్ వాళ్ళనీ శ్రీలంక తమిళుల్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది, ఆఫ్ఘన్లూ మయన్మార్ వాళ్ళూ అయితే ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి ఆఫీసు ఇంటర్వ్యూ చేస్తుంది. ఇదంతా చెప్తుంటే వెనక బెంచీల్లో ఆవులింతలు మొదలయ్యాయి. వాళ్ళ తప్పేం లేదు, నాకే నా గొంతు విసుగ్గా అనిపించింది.

ఆ ఒప్పందంలో ముప్ఫై మూడో అధికరణ దగ్గర కాస్త కదలిక వచ్చింది. "రఫూల్‌మాఁ" అని యానాం కుర్రాడొకడు నాకంటే బాగా పలికాడు, వాళ్ళ తాతగారు ఫ్రెంచి పింఛను తీసుకునేవారట. వెనక్కి తోసెయ్యడం అన్నమాట. అది చెయ్యకూడదన్నదే సూత్రం. వరదలో కొట్టుకొచ్చి ఏటిగట్టెక్కినవాడికి నీ ఇల్లు రాసిమ్మని చట్టం అనదు, మళ్ళీ ఏట్లోకి తొయ్యొద్దంటుంది, అంతే.

తర్వాత ఆట. ఒకణ్ణి అధికారి కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకొకడి చేతికి చీటీ ఇచ్చాను: నువ్వు పత్రికలో రాసేవాడివి, రాత్రి పోలీసులు ఇంటికొచ్చారు, పారిపోయి సరిహద్దు దాటావు.

"ఏ తారీఖున బయల్దేరావు?"

"అమావాస్య వెళ్ళిన రెండ్రోజులకండి."

"ఏ నెల?"

"వానలప్పుడండి."

"ఇందాక చలికి వణికానన్నావు?"

క్లాసంతా గొల్లుమంది. అధికారి కుర్రాడు కాగితం మీద "అబద్ధం" అని పెద్దగా రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. నేనూ నవ్వాను. నవ్వాక ఆ కుర్రాణ్ణే అడిగాను, మీ ఇల్లు ఎప్పుడు కట్టారని. "86 వరదకి ముందేడండి" అన్నాడు టక్కున. తారీఖు తెలుసా అంటే తల గోక్కున్నాడు.

సందేహం మిగిలితే దాని లాభం అడిగినవాడికే ఇవ్వమని ఐక్యరాజ్యసమితి హ్యాండ్‌బుక్కులో ఉందని చెప్పాను. చెప్తున్నంతసేపూ పోయిన వారం సంగతే మెదులుతోంది. పొలం గట్టు దావాలో అవతలి పక్షం సాక్షి, డెబ్భై దాటిన రైతు. పాలేరుని మాన్పించిన తారీఖు అడిగాను, పంట కోసిన తారీఖు అడిగాను. మూడోసారికి ఆయన చేతులు వణికాయి. బయటికొచ్చాక మా సీనియరు భుజం తట్టారు.

ఇంతలో ఉప్పాడ అమ్మాయి లేచింది. వాళ్ళ ఇల్లు సముద్రంలో కలిసిపోతే తాళ్ళరేవులో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుతోంది. "మరి మేమేమౌతామండీ?" అంది. సరిహద్దు దాటలేదు, ఎవరూ పీడించలేదు కాబట్టి శరణార్థులు కారు, నిర్వాసితులంటారు అన్నాను. "అది పోలవరం వాళ్ళు కదండీ. వాళ్ళకి ప్యాకేజీ ఉంటదంటారు" అంది, కోపమేమీ లేకుండా. పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాస్ దీవుల మనిషొకాయన సముద్రం మట్టం పెరిగి మా ఊరు ఉండటానికి పనికిరాకుండా పోతోందని న్యూజీలాండ్‌లో ఆశ్రయం అడిగితే అక్కడి కోర్టులు కాదన్నాయి. 2020లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ కూడా ఆయన్ని పంపించడం తప్పనలేదు గానీ, ముందుముందు అలాంటి చోటికి వెనక్కి పంపకూడని రోజు రావచ్చని చెప్పింది. ఇదంతా చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా రాసుకుంది. నేను జవాబు చెప్పినట్టు మాత్రం నాకనిపించలేదు.

అప్పుడే మా నాయనమ్మ సంగతి చెప్పాను, అనుకోకుండా. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళడం వల్ల బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనేవారు. ఆ రేవున్న ఊరు ఈ క్లాసుకి కూతవేటు దూరం. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక లక్షల మంది మనవాళ్ళు నడిచి వచ్చేశారు. నాయనమ్మకి అప్పుడు పదేళ్ళు. అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగుకి. తమ్ముణ్ణి దారిలో పూడ్చారు. "మరి ఆవిడ శరణార్థేనా మేడం?" అని అధికారి కుర్రాడే అడిగాడు. కాదు. బాంబులు అయిదు కారణాల్లో లేవు, పైగా ఆవిడొచ్చింది సొంత దేశానికే. ఎన్నడూ చూడని సొంత దేశానికి. ఊళ్ళో పోయేదాకా రంగూనమ్మ అనే పిలిచారు.

చివర్లో రాజ్యాంగం తెరిపించాను. పంతొమ్మిదో అధికరణలో "పౌరులు" అని, ప్రాణానికి రక్షణ ఇచ్చే ఇరవై ఒకటిలో "వ్యక్తి" అని ఉంటుంది, వేలు పెట్టి చూడమన్నాను. ఆ మాట ఆధారంగానే 1996లో సుప్రీంకోర్టు అరుణాచల్‌లో చక్మా తెగవాళ్ళని తరిమెయ్యకుండా ఆపింది. వాళ్ళలో చాలామంది అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కప్తాయ్ డ్యాము కింద భూములు మునిగి వచ్చినవాళ్ళు. డ్యాము అనగానే వెనక బెంచీలోంచి "పోలవరం" అని ఒక కేక.

వచ్చేనెల మళ్ళీ ఆట పెట్టమన్నారు. అధికారి కుర్చీలో ఈసారి తను కూర్చుంటానని ఉప్పాడ అమ్మాయి చెప్పి వెళ్ళింది.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను, నాయనమ్మ వాళ్ళు ఏ నెలలో బయల్దేరారని. "ఏమోనే, మామిడిపూత అప్పుడనేది" అంది. మళ్ళీ ఆలోచించి, "కాదు, కాయలు పిందెలప్పుడు" అంది.

సోమవారం ఆ పొలం దావా వాయిదా ఉంది. ఫైలు ఇంకా తెరవలేదు.