ఫిలోలీలో కిల్లార్నీ సరస్సులు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు బావగారు నన్ను వుడ్‌సైడ్ దగ్గరున్న ఫిలోలీ అనే పాత బంగళాకి తీసుకెళ్ళారు. చాలామంది అక్కడికి తులిప్ పూల కోసం వెళ్తారు. నాకు మాత్రం ముందు ఇల్లు చూడాలనిపించింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా శ్రీమంతులు నగరాలకి దూరంగా కట్టించుకున్న బంగళాలు చాలావరకు కూలగొట్టేశారు. ఇది తోటతో సహా మిగిలింది.

కట్టించినాయన విలియం బోర్న్. గ్రాస్ వ్యాలీలో ఎంపైర్ బంగారు గని ఆయనదే. శాన్‌ఫ్రాన్సిస్కోకి నీళ్ళమ్మే స్ప్రింగ్ వ్యాలీ కంపెనీకి కూడా ఆయనే పెద్ద. ఆర్కిటెక్ట్ విల్లిస్ పోక్. 1915లో మొదలుపెట్టి 1917కి పూర్తిచేశారు.

గోడ దగ్గరికెళ్ళి చూశాను. ప్రతి వరసలోనూ ఒక ఇటుక పొడుగు వైపు, దాని పక్కది పొట్టి వైపు బయటికి కనిపించేలా పేర్చారు. అంత పెద్ద గోడ బరువుగా అనిపించకపోవడానికి కారణం ఈ అల్లికే. కట్టడం 18వ శతాబ్దపు ఇంగ్లండ్ జార్జియన్ పద్ధతి, పైకప్పు మాత్రం స్పానిష్ పెంకులు. కట్టడాల నియమాల ప్రకారం ఆ రెండూ కలవకూడదు. కాలిఫోర్నియా ఎండలో ఎంత బాగా కలిశాయో!

లోపల వంటింటి వైపు వెండి సామాను దాచే గది ఉంది, దానికి బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్‌కి ఉన్నట్టు ఇనప తలుపు. అవన్నీ త్వరగానే చూసేశాం.

నన్ను కదలనివ్వనిది బాల్‌రూమ్, అంటే డాన్సుల హాలు. గోడల నిండా ఐర్లండ్‌లోని కిల్లార్నీ సరస్సులు, కొండల బొమ్మలు. 1910లో పెళ్ళైన కూతురికి బోర్న్ అక్కడి మక్‌రాస్ ఎస్టేట్‌ని పెళ్ళికానుకగా కొనిచ్చారు. ఫిలోలీ కట్టడానికి ఈ లోయని ఎంచుకోవడానికి కారణం కూడా కిల్లార్నీ పోలికేనట. 1920ల మొదట్లో పక్షవాతం వచ్చి ఆయన ప్రయాణాలు మానేయాల్సి వచ్చింది. అప్పుడు చిత్రకారుడు ఎర్నెస్ట్ పీషోట్టో ఆ ఊరిని ఇంటి గోడల మీదికే తెచ్చాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళతో ఆ నీళ్ళని చూడాలని ప్రయత్నించాను. గొంతు పట్టేసింది. బావగారు వచ్చి పిలిచేదాకా అక్కడే ఉన్నాను.

తోటలో నిటారుగా నిలబడ్డ ఐరిష్ యూ చెట్లు కూడా మక్‌రాస్ నుంచి తెచ్చిన కొమ్మలతో పెంచినవే. బోర్న్ దంపతులు 1936లో పోయారు. మరుసటి ఏడు రోత్ కుటుంబం ఈ ఎస్టేట్ కొనుక్కుంది. 1975లో లర్లీన్ రోత్ దీన్ని చారిత్రక కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. ఆవిడ పుణ్యమా అని ఇవాళ టికెట్ కొనుక్కుని ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. మీరు వెళ్తే పూల దగ్గరే పొద్దు పోనివ్వకండి, బాల్‌రూమ్‌కి తీరిగ్గా టైమ్ ఉంచుకోండి.